షెడ్డు ముచ్చట్లు: ఇరవై నాలుగు గంటల రేసు మీద మీ ఉత్తరాలు

పోయిన సంచికలో ఫ్రాన్సులో ఇరవై నాలుగు గంటలు సాగే లె మాన్ కార్ల రేసు గురించి ఒక పేజీ రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేనూ అనుకోలేదు, ఎడిటర్ గారూ అనుకోలేదు. ఈ శీర్షికకి మామూలుగా వచ్చేవి మైలేజీ పడిపోయిందనీ, క్లచ్ ప్లేటు మాడిపోయిందనీ. ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే మూడొంతులు రేసు ముచ్చటే. నేను ములుగు రోడ్డు పక్కన ముప్పై నాలుగేళ్లు డీజిల్ బండ్ల షెడ్డు నడిపినవాణ్ని. ఫ్రాన్సుకి పోలేదు, పోయే స్తోమతా లేదు. ఇరవై ఏళ్లుగా టీవీలో, ఫోన్లో, మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో చూసి నేర్చుకున్నదే చెప్తున్నాను. క్లచ్ ప్లేట్ల వాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: ఒకే ట్రాక్ మీద పెద్ద కార్లనూ చిన్న కార్లనూ కలిపి వదిలితే గెలిచేది పెద్దవే కదా! ఇక ఇందులో పోటీ ఏముంది?
— ఇంటర్ విద్యార్థి, నయీంనగర్, హనుమకొండ

తమ్ముడూ, ఒకసారి హనుమకొండ బస్టాండు బయట నిలబడి చూడు. హైదరాబాద్ వైపు రాజధాని పోతుంది, సూపర్ లగ్జరీ పోతుంది, ఎక్స్‌ప్రెస్ పోతుంది. జనగామ దాకా పోయే పల్లెవెలుగు కూడా అదే రోడ్డెక్కుతుంది. పల్లెవెలుగు డ్రైవర్ రాజధానితో పందెం వేసుకోడు. కానీ తనకంటే ఐదు నిమిషాలు ముందు బయల్దేరిన ఇంకో పల్లెవెలుగుని స్టేషన్ ఘన్‌పూర్ లోపు పట్టుకోవాలని మాత్రం చూస్తాడు. స్టేజీ మీద నిలబడ్డ జనం ముందొచ్చిన బస్సే ఎక్కుతారు మరి. రాజధాని వెనక నుంచి హారన్ కొడితే పక్కకి జరుగుతాడు, దాన్ని పోనిచ్చి మళ్లీ తన పోటీ తను చూసుకుంటాడు.

ఈ రేసూ అంతే. వరల్డ్ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్‌లో, అంటే లె మాన్‌తో కలిపి ఏడాది పొడుగునా జరిగే గంటల తరబడి రేసుల వరసలో, 2024 నుంచి రెండు తరగతులు. పైది హైపర్‌కార్. ఫెరారీ, టొయోటా, క్యాడిలాక్ లాంటి కంపెనీలు రేసు కోసమే పుట్టించిన బండ్లు. సుమారు 680 హార్స్‌పవర్, బరువు ఒక టన్ను పైచిలుకు. కిందిది ఎల్ఎంజీటీ3. షోరూములో దొరికే స్పోర్ట్స్ కారునే రేసుకి తగ్గట్టు మార్చినవి. లె మాన్‌లో మాత్రం మధ్యలో మూడో తరగతి ఎల్ఎంపీ2 కూడా కలుస్తుంది. 2025లో అక్కడ మొత్తం 62 కార్లు బయల్దేరాయి. జెండా ఊపాక ఒక్కో తరగతికి వేరే విజేత, వేరే పోడియం, వేరే కప్పు.

ఒక చిన్న లెక్క చెప్తా, నోటుబుక్కులో వేసుకో. లె మాన్ ట్రాక్ ఒక చుట్టు 13.626 కిలోమీటర్లు. రేసు నడకలో హైపర్‌కార్‌కి చుట్టు సుమారు మూడున్నర నిమిషాలు పడుతుంది. జీటీ3 బండికి నాలుగు నిమిషాల దగ్గర. అంటే చుట్టుకి ఇంచుమించు అర నిమిషం తేడా. ఆ లెక్కన ప్రతి జీటీ3 బండినీ ముందున్న హైపర్‌కార్ సుమారు అరగంటకోసారి దాటిపోతుంది. అక్కడ హైపర్‌కార్లు ఇరవై దాకా ఉంటాయి. ఒక జీటీ3 డ్రైవర్ రాత్రంతా అద్దంలో ఎన్ని లైట్లు చూడాలో నువ్వే లెక్క కట్టు. నన్నడిగితే రేసులో కష్టమైన ఉద్యోగం వాడిదే.

ప్రశ్న: అన్నా, నేను లారీ నడుపుతా. మా దగ్గర ఎవడు ఎవడికి సైడ్ ఇవ్వాలో తేలక రోజూ లొల్లే. అక్కడ 300 స్పీడులో ఎవరు ఎవరికి సైడ్ ఇస్తారు?
— లారీ డ్రైవర్, పరకాల

తమ్ముడూ, ఇది డ్రైవర్ అడగాల్సిన ప్రశ్న. అక్కడా డిప్పర్ కొడతారు. వెనకొచ్చే పెద్ద బండి హెడ్‌లైట్లు టపటపా కొడుతుంది, ట్రాక్ పక్కన నీలం జెండా చూపిస్తారు. అయితే నెమ్మది బండి తోవ వదిలి గడ్డిలోకి దిగాల్సిన పనిలేదు. తను పోయే గీత మీదే, ఉలిక్కిపడి అటూ ఇటూ తిప్పకుండా పోవాలి. దాటే జాగా వెతుక్కోవాల్సింది వెనకొచ్చినవాడు. సైడ్ ఇద్దామని ఆఖరి క్షణంలో స్టీరింగ్ తిప్పినవాడి వల్లే గుద్దుకోవడాలు ఎక్కువ. మన దగ్గర లారీకి ముందు సైకిల్ తొక్కేవాడు హారన్ విని ఎడమకి పోవాల్సింది కుడికి పోతాడే, అదే కథ.

ఎక్కడ దాటావన్నది కూడా ముఖ్యం. లె మాన్‌లో ముల్సాన్ స్ట్రెయిట్ అని దాదాపు ఆరు కిలోమీటర్ల తిన్నని తోవ ఉంది. మామూలు రోజుల్లో అది జనం తిరిగే రోడ్డే, కూరగాయల బండి కూడా పోవచ్చు. 1990లో వేగం తగ్గించడానికి దాని మీద రెండు షికేన్లు, అంటే అడ్డ మలుపులు, పెట్టారు. అక్కడ జీటీ3ని దాటితే హైపర్‌కార్‌కి పోయేదేమీ లేదు. అదే బండి పోర్షె కర్వ్స్ అనే వరస మలుపుల్లో ఎదురైతే దాని తోక పట్టుకొని పోవాల్సిందే, సెకన్లకి సెకన్లు గోవిందా. మంచి డ్రైవర్ రెండు మలుపుల ముందే లెక్క వేసుకుంటాడు: ఈ పచ్చబండిని ఇక్కడ పట్టుకోవాలా, కాస్త గ్యాస్ తగ్గించి అవతల తిన్నటి తోవలో పట్టుకోవాలా అని. కటాక్షపూర్ దగ్గర చెరకు ట్రాక్టరు వెనక పడితే నువ్వూ అదే లెక్క వేస్తావు కదా.

ప్రశ్న: లె మాన్ గెలిచినవారు ఆ ఏటి చాంపియన్లు కారని రాశారు. అంత పెద్ద రేసు గెలిచాక ఇంకేం కావాలి? పాయింట్ల పద్ధతి కాస్త వివరించగలరు.
— విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, జనగామ

మాస్టారూ, లెక్కలు మీకు నేను చెప్పడమా! సంగతి మాత్రం ఇది. 2025 సీజన్‌లో ఎనిమిది రేసులు: ఖతార్, ఇమోలా, స్పా, లె మాన్, సావో పాలో, ఆస్టిన్, ఫుజి, బహ్రెయిన్. ఆరు గంటల రేసు గెలిస్తే 25, రెండో స్థానానికి 18, మూడుకి 15, అలా దిగుతూ పదో స్థానానికి 1. ఖతార్, బహ్రెయిన్ లాంటి పొడుగు రేసులకి ఒకటిన్నర రెట్లు. లె మాన్‌కి రెండింతలు, అంటే గెలిస్తే 50. పోల్ పొజిషన్‌కి, అంటే అందరికంటే ముందు నుంచి బయల్దేరే జాగా దక్కించుకున్నందుకు, ఇంకో పాయింటు.

2024లో లె మాన్ గెలిచింది 50వ నంబరు ఫెరారీ. ఆ 50 పాయింట్లు జేబులో వేసుకొని కూడా డ్రైవర్ల టైటిల్ దక్కించుకోలేకపోయింది. టైటిల్ 6వ నంబరు పోర్షె నడిపిన ఎస్త్ర్, లాటరర్, వాంటూర్‌లకి పోయింది. వాళ్లు లె మాన్‌లో నాలుగో స్థానం. సీజన్ మొదటి రేసు ఖతార్‌లో గెలిచారు, ఆ తర్వాత ఎక్కడా పూర్తిగా చేతులెత్తేయలేదు. అదే ఏడు కంపెనీల టైటిల్ టొయోటాది, బహ్రెయిన్‌లో ఆఖరి రేసు గెలిచి పోర్షె మీద రెండే రెండు పాయింట్ల తేడాతో. మన పిల్లలు ఒక్క పేపర్లో 98 తెచ్చుకొని ఇంకోదాంట్లో తప్పితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఖతార్ రేసుకి 1812 కిలోమీటర్లు అని ఆ వింత అంకె ఎందుకు? 1800 అనో 2000 అనో పెట్టుకోవచ్చు కదా.
— బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

డిసెంబరు 18 వాళ్ల జాతీయ దినోత్సవం. 18, 12. అంతే సార్.

ప్రశ్న: శుక్రవారం నుంచే మొదలవుతుందంటారు. రేసు ఆదివారమైతే రెండు రోజులు ఏం చేస్తారు?
— కిరాణా వ్యాపారి, నర్సంపేట

మీరు దసరాకి ముందు స్టాకు సర్దుకున్నట్టే. ఆరు గంటల రేసు వారాంతంలో గంటన్నర చొప్పున రెండు ప్రాక్టీసులు, తర్వాత ఒక గంట ప్రాక్టీసు, దాని వెంట క్వాలిఫయింగ్, అంటే రేసులో ఎవరు ఏ వరసలో బయల్దేరాలో తేల్చే పోటీ. క్వాలిఫయింగ్‌లో ఒక్కో తరగతిని వేరుగా వదులుతారు, అందులో మొదటి పది బండ్లు హైపర్‌పోల్ అనే రెండో పోటీకి పోతాయి. చూసేవాళ్లకి ప్రాక్టీసు బోరు కొడుతుంది, నిజమే. కానీ ఏ టైరు ఎంతసేపు ఆగుతుంది, ట్యాంకు నిండితే ఎన్ని చుట్లు వస్తాయి అన్నది తేలేది అక్కడే. టీవీవాళ్లు వేగం మాత్రమే చూపిస్తారు.

లె మాన్‌లో అయితే వారం రోజుల జాతర. బండ్ల తనిఖీ ఊరి నడిబొడ్డున, జనం మధ్యలో చేస్తారు. శుక్రవారం డ్రైవర్లందరినీ పాత కార్ల మీద కూర్చోబెట్టి వీధుల్లో ఊరేగిస్తారు.

ప్రశ్న: ఇందులో అమ్మాయిలు ఉంటారా? మా అన్న లేరంటాడు.
— డిగ్రీ విద్యార్థిని, మహబూబాబాద్

మీ అన్నకి ఈ పేజీ చూపించు బిడ్డా. 2023 ఏప్రిల్‌లో స్పాలో లిలూ వదూ అనే ఫ్రెంచి అమ్మాయి జీటీ తరగతిలో గెలిచింది. ఈ చాంపియన్‌షిప్‌లో రేసు గెలిచిన మొదటి మహిళ ఆమె. అదే ఏడు నవంబరులో బహ్రెయిన్‌లో ఐరన్ డేమ్స్ జట్టు తన తరగతిలో గెలిచింది. సారా బోవీ, మిషెల్ గాటింగ్, రాహెల్ ఫ్రై, ముగ్గురు డ్రైవర్లూ ఆడవాళ్లే. బండి నంబరు 85. దూరం నుంచి చూసినా గుర్తుపట్టే గులాబీ రంగు వాళ్ల గుర్తు.

ఇది ఈనాటి ముచ్చట కూడా కాదు. 1930లోనే ఒదెత్ సికో, మార్గరిత్ మరూజ్ అనే ఇద్దరు ఫ్రెంచి ఆడవాళ్లు బుగాటీ కారులో లె మాన్ పూర్తి చేసి ఏడో స్థానంలో వచ్చారు. రెండేళ్లకి సికో మళ్లీ వచ్చి నాలుగో స్థానం. మా షెడ్డులో 1990ల్లో ఒక ఆడపిల్ల పని నేర్చుకుంటానని వస్తే ఇరుగుపొరుగు ఏమంటారో అని పంపించేశాను. ఈ సంగతి మా ఆవిడ ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు గుర్తు చేస్తుంది.

ప్రశ్న: డబ్బున్నోళ్ల సరదా కాదా ఇదంతా? ఇక్కడ మిర్చి ధర పడిపోయి మేం ఏడుస్తుంటే వాళ్లు పెట్రోలు తగలేస్తున్నారు.
— రైతు, ఎనుమాముల మార్కెట్ నుంచి

అయ్యా, సగం నిజమే, కాదనను. జీటీ3లో ఒక నిబంధన ఉంది. డ్రైవర్లని ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని నాలుగు మెట్లుగా విడదీస్తారు. ప్రతి జీటీ3 కారులో కనీసం ఒక బ్రాంజ్ డ్రైవర్ ఉండాలి, ఆయన నిర్ణీత సమయం స్టీరింగ్ పట్టాల్సిందే. ఈ బ్రాంజ్ వాళ్లలో చాలామంది వ్యాపారులే. సొంత డబ్బు పెట్టి నడిపేవాళ్లు, జట్టు ఖర్చులో పెద్ద వాటా మోసేవాళ్లు. అంటే పెళ్లి ఖర్చు పెట్టుకున్న మామే బారాత్‌లో గుర్రమెక్కినట్టు.

మొదట్లో నాకూ ఇది నచ్చేది కాదు. చూడగా చూడగా మనసు మారింది. జీటీ3 రేసు ఎక్కువసార్లు తేలేది ఈ బ్రాంజ్ డ్రైవర్ మీదే. ప్రొఫెషనల్ డ్రైవర్ల మధ్య తేడా వీసమెత్తు. బ్రాంజ్ వాళ్ల మధ్య చుట్టుకి సెకన్ల తేడా ఉంటుంది. వాన పడుతుంటే, చీకట్లో, వెనక ఇరవై హైపర్‌కార్లు లైట్లు కొడుతుంటే యాభై ఏళ్ల వ్యాపారి బండిని గోడకి కొట్టకుండా తెచ్చి అప్పజెప్పాడంటే అది చిన్న పని కాదు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ 1979లో, తన 54వ ఏట, లె మాన్‌లో మొత్తం మీద రెండో స్థానం తెచ్చుకున్నాడు.

పెట్రోలు సంగతంటారా, 2022 నుంచి అక్కడ వాడేది భూమిలోంచి తీసింది కాదు. ద్రాక్షసారా తీశాక మిగిలే పిప్పీ మడ్డీ నుంచి తయారు చేసిన ఇంధనం. మిర్చి ధరకి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ప్రశ్న: హైపర్‌కార్లలో ఇంజన్లు రకరకాలు కదా, వాటి వేగం ఎలా సమానం అవుతుంది?
— ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

సమానం అవదు, చేస్తారు. ఫెరారీది 3 లీటర్ల వీ6 టర్బో, టొయోటాది 3.5 లీటర్ల వీ6 టర్బో, క్యాడిలాక్‌ది టర్బో లేని 5.5 లీటర్ల వీ8, 2025లో వచ్చిన ఆస్టన్ మార్టిన్ వాల్కిరీది 6.5 లీటర్ల వీ12. వాల్కిరీకి హైబ్రిడ్ మోటారు కూడా లేదు. వీటన్నిటినీ ఒక దారిలోకి తేవడానికి బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ అని ఒక పట్టిక ఉంటుంది. వేగంగా ఉన్న బండికి కాస్త బరువు పెంచుతారు, పవర్ కాస్త కోస్తారు, వెనకబడ్డదానికి సడలిస్తారు. యాక్సిల్ దగ్గర టార్క్ సెన్సర్లు పెట్టి ఎవరు ఎంత శక్తి వాడారో కొలుస్తారు కాబట్టి దొంగలెక్క కుదరదు. తమాషా ఏమిటంటే, ఈ పట్టిక గురించి జట్లు బయట వ్యాఖ్యానించకూడదని నిబంధనల్లోనే రాశారు. వాళ్లు మాట్లాడకూడదు గానీ నేను మాట్లాడొచ్చు కదా: బాగా చదివే పిల్లాడి సంచిలో రాళ్లు వేసినట్టుంటుంది నాకు. అది లేకపోతే ఇన్ని కంపెనీలు రావు, ఒక్క బండే అందరినీ ఊడ్చేస్తుంది అని మా అబ్బాయి వాదన. ఈ తగువు మా ఇంట్లో తేలలేదు.

క్యాడిలాక్ వీ8 చప్పుడు మాత్రం ఒక్కసారి హెడ్‌ఫోన్ పెట్టుకొని విను.

ప్రశ్న: ఇన్నేళ్లలో మీరు మర్చిపోలేని రేసు ఏది? మెకానిక్‌గా చెప్పండి.
— సాటి మెకానిక్, గోదావరిఖని

అన్నా, దీనికి జవాబు చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

2016 ఫిబ్రవరిలో మేడారం జాతర. జాతరకి ముందు వారం షెడ్డు సంగతి నీకు తెలియంది కాదు, రాత్రి పన్నెండైనా బండ్ల వరస తగ్గదు. ఒక డీసీఎం వచ్చింది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి పోయే రబ్బరు గొట్టం చీలిపోయింది. కొత్తది వేశాను. ఒక కొస క్లిప్పు బిగించాను. రెండో కొస బిగిస్తుండగా ఎవరో పిలిచారు, స్క్రూడ్రైవర్ అక్కడే పెట్టి పోయాను. తిరిగొచ్చి, బిగించేశాననే అనుకొని బండి అప్పజెప్పాను. స్టార్ట్ చేస్తే బాగానే ఉంది. వేళ్లతో బిగించినంత బిగువే ఉంది దానికి.

రెండు రోజులకి రాత్రి పదకొండింటికి ఫోన్. పస్రా దాటి తాడ్వాయి అడవిలో ఆగిపోయారు. ముప్పై మంది జనం, రెండు మేకపోతులు, అమ్మవార్లకి మొక్కుకున్న మనిషెత్తు బంగారం, అంటే బెల్లం. "పుస్సుమని చప్పుడొచ్చింది, నల్లపొగ వచ్చింది, ఇక బండి లాగట్లేదు" అన్నాడు డ్రైవర్. ఆ పుస్సు వినగానే నాకు అర్థమైంది. మా అబ్బాయి బైకు తీసుకొని, జేబులో ఒక స్క్రూడ్రైవరూ రెండు కొత్త క్లిప్పులూ వేసుకొని, జాతర ట్రాఫిక్‌లో ఈదుకుంటూ పోయేసరికి తెల్లవారుజాము నాలుగైంది. గొట్టం ఊడి వేలాడుతోంది. ఎక్కించి బిగించడానికి పట్టింది రెండు నిమిషాలు. డీసీఎం పక్కన చద్దరు కప్పుకొని కూర్చున్న ఒక ముసలమ్మ అడిగింది: "గింత దానికేనా బిడ్డా, గింత రాత్రి గీ అడివిల?"

అదే ఏడు జూన్. లె మాన్ ఆఖరి గంట. 5వ నంబరు టొయోటా నిమిషం పైగా ఆధిక్యంలో ఉంది, నడుపుతున్నది కజుకి నకజిమా. టొయోటా ముప్పై ఏళ్లుగా ఈ రేసు కోసం తిరుగుతోంది, ఒక్కసారీ గెలవలేదు. ఇంకో ఆరేడు నిమిషాలు పోతే చాలు. అప్పుడు రేడియోలో నకజిమా గొంతు, పవర్ లేదు, పవర్ లేదు అని. బండి నెమ్మదించి, నెమ్మదించి, మూడు నిమిషాలు మిగిలి ఉండగా స్టార్ట్–ఫినిష్ గీత దగ్గరే, సొంత పిట్, అంటే తమ బండికి టైర్లూ ఇంధనమూ చూసుకునే జాగా, ఎదురుగా గోడ పక్కన ఆగిపోయింది. 2వ నంబరు పోర్షె పక్క నుంచి దూసుకుపోయింది. టొయోటా గ్యారేజీలో నిలబడ్డ మెకానిక్‌ల మొహాలు చూపించారు. మా అబ్బాయి కంపెనీకి ఎంత నష్టమో అంటున్నాడు. నేను ఆ మెకానిక్‌లనే చూస్తున్నాను.

బండి ఎలాగో మళ్లీ కదిలి ఆఖరి చుట్టు పూర్తి చేసింది. కానీ ఆ చుట్టు ఆరు నిమిషాల లోపు పూర్తి కావాలని నిబంధన. పట్టింది దాదాపు పన్నెండు. కాబట్టి రెండో స్థానం కూడా కాదు, ఫలితాల వరసలోనే స్థానం లేదు. 23 గంటల 57 నిమిషాలు పరిగెత్తిన బండికి!

కొన్ని రోజులకి కంపెనీ కారణం చెప్పింది. టర్బోకీ ఇంటర్‌కూలర్‌కీ మధ్య గాలి పోయే గొట్టం దగ్గర, ఒక కనెక్టర్ చెడిపోయింది. దాంతో టర్బో మీద అదుపు పోయింది. పేపర్లో ఆ ముక్క చదివి నేను షెడ్డులో స్టూలు మీద కాసేపు అలాగే కూర్చున్నాను. వాళ్లది తప్పని కాదు, లోపమే కావచ్చు. కానీ గొట్టం అదే, జాగా అదే. తాడ్వాయి అడవిలో అయితే బైకు మీద పోయి బిగించొచ్చు. అక్కడ ఎలా పోతారు?

రెండేళ్ల తర్వాత 2018లో టొయోటా గెలిచింది. అలాన్సో, బూయెమీ, నకజిమా. ఆఖరి దఫా స్టీరింగ్ ఎవరి చేతికి ఇచ్చారనుకున్నావు? నకజిమాకే. ఆ చివరి మూడు నిమిషాలు నేను మంచినీళ్లు కూడా తాగలేదు.

ప్రశ్న: మనవాళ్లెవరైనా ఈ రేసులో పాల్గొన్నారా? తెలంగాణలో ఇలాంటి ట్రాక్ ఉందా?
— పోలీస్ ఉద్యోగార్థి, భూపాలపల్లి

చెన్నై అబ్బాయి కరుణ్ చంధోక్ 2012లో లె మాన్ నడిపాడు, ఈ రేసు నడిపిన మొదటి భారతీయుడు ఆయనే. బ్రాబమ్, డంబ్రెక్ అనే ఇద్దరితో కలిసి మొత్తం మీద ఆరో స్థానం. అంతకు మూడేళ్ల ముందే నరేన్ కార్తికేయన్ ఆ ఘనత కొట్టేయాల్సింది. ఆడీ కారు కూడా సిద్ధంగా ఉంది. రేసుకి కాస్త ముందు పిట్ గోడ దగ్గర పడి భుజం జారింది, పాపం కూర్చొని చూడాల్సి వచ్చింది.

తెలంగాణలో పక్కా ట్రాక్ లేదు. దేశంలో ఉన్నవి చెన్నై దగ్గర, కోయంబత్తూరులో, గ్రేటర్ నోయిడాలో. అయితే 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. అవి బ్యాటరీ కార్లు. ట్రాక్ 2.83 కిలోమీటర్లు, గెలిచింది జాన్ ఎరిక్ వెర్న్. మా మనవణ్ని తీసుకొని పోయాను. వాడు కేరింతలు. నాకేమో కార్లు పక్క నుంచి పోతుంటే ఈలపాట విన్నట్టుంది, పొగ లేదు, నూనె వాసన లేదు. పొద్దంతా చూసి ఇంటికొచ్చాక చొక్కాకి ఏ వాసనా అంటలేదని మా ఆవిడ సంతోషించింది.

ప్రశ్న: 24 గంటలూ కూర్చొని చూడాలా? మన టైము ప్రకారం ఎప్పుడు చూస్తే బాగుంటుంది? మా ఇంట్లో ఒకటే టీవీ, సీరియల్ టైములు చూసుకోవాలి.
— గృహిణి, హన్మకొండ హంటర్ రోడ్డు

అమ్మా, 24 గంటలు డ్రైవర్లే కూర్చోరు. ఒక్కో కారుకి ముగ్గురు. ఏ ఆరు గంటల్లోనూ ఒక్కరు నాలుగు గంటలకి మించి నడపకూడదు, మొత్తం మీద పద్నాలుగు గంటలు దాటకూడదు. మనమూ అదే పద్ధతి పాటించొచ్చు. ఇప్పుడు శనివారం సాయంత్రం అక్కడ నాలుగింటికి మొదలవుతుంది. మనకి రాత్రి ఏడున్నర. సీరియల్ టైమే, తెలుసు. మొదటి గంట ఫోన్లో చూసేయండి. తెల్లవారుజామున లేచినవాళ్లు టీ కాచుకుంటూ అరగంట చూస్తే చాలు, అక్కడ ఇంకా చీకటి, బ్రేకు డిస్కులు ఎర్రగా కాలడం కనిపిస్తుంది. ఆదివారం సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా మాత్రం టీవీ మీ చేతిలో ఉంచుకోండి.

ఎందుకంటే 2024లో ఏం జరిగిందో చెప్తా. ఆఖరి రెండు గంటలు, వాన. ముందున్నది 50వ నంబరు ఫెరారీ, నడుపుతున్నది నిక్లాస్ నీల్సన్. ఉన్నట్టుండి కారు కుడివైపు తలుపు తెరుచుకొని గాలికి కొట్టుకోవడం మొదలైంది. లాక్కుంటే మూసుకోదు. తలుపు తెరిచి నడపకూడదని నిర్వాహకులు జెండా చూపించారు. కోట్ల రూపాయల బండి, తలుపు మూయించుకోవడానికి పిట్‌లోకి రావాల్సి వచ్చింది. లెక్కకి ముందే రావడంతో వాళ్ల ఇంధనం పథకమంతా తలకిందులైంది. అక్కడి నుంచి పొదుపుగా తొక్కుకుంటూ, వెనక టొయోటా తరుముతుంటే, 14 సెకన్ల తేడాతో గీత దాటాడు. అప్పటికి ఆ కారుకి ఇచ్చిన శక్తి కోటాలో మిగిలింది 2 శాతం.

ఆ రెండు గంటలూ మా ఆవిడ కూడా పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తలుపు కొట్టుకోవడం చూసి, "మీ షెడ్డు ముందరి ఆటోలకి కట్టినట్టు ఒక లుంగీ పేలిక కడితే పోయేది కదా" అంది.